తెలుగు పేర్లున్న ఫైళ్లు, కొత్త హార్డ్ డిస్క్, లినక్స్

కొత్త ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొన్నాక లినక్స్‌లో ఏం చేయాలో చెప్పే వ్యాసాలు నెట్‌లో బోలెడున్నాయి. వాటిలో నేను చదివినవన్నీ ఫైలు పేర్లు ఇంగ్లీషులోనే ఉంటాయనుకుని రాసినవి. నా ఫైళ్ల పేర్లన్నీ తెలుగులో ఉంటాయి. అందుకని డిస్క్‌లోకి మొదటి ఫైలు వెళ్లకముందే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మొన్న 2 టీబీ డిస్క్ ఒకటి సిద్ధం చేసుకున్నాను కాబట్టి, గుర్తున్నప్పుడే అన్నీ రాసి పెడుతున్నాను.

నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. సెలవుల్లో బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం చుట్టుపక్కల ఊళ్లు తిరిగి పెద్దవాళ్లు పాడే పాటలు రికార్డు చేస్తుంటాను. తిరగలి పాటలు, దంపుళ్ల పాటలు, ఊడుపు పాటలు, లాలి పాటలు, పైడితల్లి అమ్మవారి మీద పాడుకునేవి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, స్టీరియో, వేవ్ ఫైళ్లు. గంట పాటకి ఒక జీబీ పైచిలుకు అవుతుంది. ఎంపీ3 చేస్తే పదో వంతుకి తగ్గుతుంది కదా అని చాలామంది అడిగారు. వినడానికి, పంపడానికి ఎంపీ3 చేస్తాను. దాచేది మాత్రం వేవే. తిరగలి రాయి తిరిగే చప్పుడు, మధ్యలో గాజుల శబ్దం, పల్లవి అందుకునే ముందు తీసుకున్న ఊపిరి, ఇవన్నీ ఆ పాటలో భాగమే. మళ్లీ పాడించుకుందామంటే పాడినవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు.

ఓసారి సాలూరు దగ్గర ఒక మామ్మ పాట అయ్యాక రికార్డర్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందల నా పాట ఉండిపోతాదేటమ్మా?" అని అడిగింది. ఉంటుందనే చెప్పాను. ఆ మాట చెప్పాక డిస్క్ విషయంలో అజాగ్రత్తగా ఉండలేను.

ఇక డిస్క్ సంగతి. పెట్టెలో డిస్క్, జానెడు కేబుల్ ఉంటాయి. కేబుల్‌ని కంప్యూటర్ వెనక నీలం రంగు పోర్టుకే పెట్టండి. అది యూఎస్‌బీ 3. పాత నల్ల పోర్టుకి పెడితే సెకనుకి 30, 40 ఎంబీకి మించి పోదు. మొత్తం డిస్క్ నింపాలంటే తెల్లారుతుంది, మళ్లీ పొద్దుగూకుతుంది. ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండ్‌కి టీ ఆప్షన్ ఇస్తే డిస్క్ ఎదురుగా 5000ఎం అని కనబడాలి. 480ఎం అని ఉంటే పోర్టు గానీ కేబుల్ గానీ పాతరకానిది.

మొదట తేల్చుకోవాల్సింది, కంప్యూటర్ ఆ డిస్క్‌ని ఏ పేరుతో పిలుస్తోందన్నది. పాత వ్యాసాల్లో 'ఎస్‌డీఏ అంటే లోపలి డిస్క్, ఎస్‌డీబీ అంటే బయటి డిస్క్' అని రాసి ఉంటుంది. ఇప్పుడు అది నమ్మితే కొంప మునుగుతుంది. ఈ మధ్య వచ్చే కంప్యూటర్లలో లోపలిది ఎన్‌వీఎంఈ రకం, దాని పేరే వేరు. అందుకని బయటినుంచి పెట్టిన మొదటి డిస్కే ఎస్‌డీఏ అయిపోవచ్చు. పైగా ఈ అక్షరాలు ఇవాళ ఒకలా, రేపు ఒకలా మారుతుంటాయి. నేను డిస్క్ పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి ఎల్‌ఎస్‌బీఎల్‌కే (డిస్కుల జాబితా చూపే కమాండ్) నడిపి, కొత్తగా వచ్చిన వరస ఏదో చూస్తాను. సైజు, మోడల్, ట్రాన్ అనే కాలమ్‌లు కూడా చూపించమంటే ఇంకా మంచిది. ట్రాన్ కాలమ్‌లో యూఎస్‌బీ అని ఉన్నదే మనది. ఫార్మాట్ చేసే ముందు ఆ ఒక్క వరసని రెండుసార్లు చదవండి.

అక్కడ 1.8టీ అని కనబడితే టెన్షన్ పడకండి, కొట్టువాడు మోసం చేయలేదు. కంపెనీలు వెయ్యితో గుణిస్తాయి, ఈ కమాండ్ 1024తో లెక్కేస్తుంది. సిస్టమ్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో చూస్తే నా డిస్క్‌కి 3907029168 సెక్టార్లు, ఒక్కోటి 512 బైట్లు అని వచ్చింది. గుణించి చూడండి, రెండు లక్షల కోట్ల బైట్లు నిండుగా ఉన్నాయి.

తర్వాత స్మార్ట్ వివరాలు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్కలు. స్మార్ట్‌మాన్‌టూల్స్ ప్యాకేజీ వేసుకుంటే స్మార్ట్‌సీటీఎల్ వస్తుంది. యూఎస్‌బీ డిస్కుల్లో కొన్నింటికి 'డీ శాట్' అనే ఆప్షన్ ఇస్తేగానీ పలకవు. కొత్త డిస్క్‌లో నేను చూసేది నాలుగు వరసలు: 5, 9, 197, 198. తొమ్మిదోది డిస్క్ ఎన్ని గంటలు తిరిగిందో చెబుతుంది. కొత్త దానికి సున్నా, లేదంటే అటూ ఇటుగా ఉండాలి. వేలల్లో ఉంటే అది ఎవరో వాడేసింది, ప్యాకింగ్ ఎంత మెరుస్తున్నా సరే వెనక్కి ఇచ్చేయండి. మిగతా మూడూ చెడిన సెక్టార్లకి సంబంధించినవి. వాటి రా వాల్యూ (అసలు అంకె ఉండే కాలమ్) సున్నా ఉండాలి. ఒక్కటి కనబడినా కొత్త డిస్క్‌ని నేను ఒప్పుకోను. తర్వాత స్మార్ట్‌సీటీఎల్‌తోనే లాంగ్ టెస్ట్ పెట్టి పడుకున్నాను. అది డిస్క్ తనంతట తను మొదటినుంచి చివరిదాకా చదువుకునే పరీక్ష.

బ్యాడ్‌బ్లాక్స్‌తో రాసి చదివే పరీక్ష కూడా చేయాలంటారు కొందరు. అది నాలుగు రకాల ప్యాటర్న్‌లు డిస్క్ అంతా రాసి, నాలుగుసార్లూ తిరిగి చదువుతుంది. సెకనుకి 100 ఎంబీ లెక్కన ఒక్కో చుట్టుకి అయిదున్నర గంటలు, ఎనిమిది చుట్లకి రెండు పగళ్లు, రెండు రాత్రులు. మా ఊళ్లో ఎండాకాలం కరెంటు అన్నిసేపు ఏకబిగిన ఉండదు. దానికి బదులు కాపీ చేశాక ప్రతి ఫైలునీ సరిచూసుకుంటాను, అది కింద చెబుతాను.

ఇప్పుడు అసలు విషయం, ఫైల్ సిస్టమ్. అంటే డిస్క్‌లో ఫైళ్లని సర్దిపెట్టే పద్ధతి.

డిస్క్ ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ అయి వచ్చింది. విశాఖలో ఉండే మా చెల్లెలి కొడుకుకి ఫోన్ చేస్తే, "అలాగే ఉంచేయ్ పెద్దమ్మా, ఏ కంప్యూటర్‌కి పెట్టినా తెరుచుకుంటుంది" అన్నాడు. వాడన్నది నిజమే. 2019లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఫ్యాట్ వివరాలు బయటపెట్టాక, లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌లోనే దానికి డ్రైవర్ వచ్చేసింది. ఇప్పుడు విడిగా ఏమీ వేసుకోనక్కర్లేదు. కానీ ఎక్స్‌ఫ్యాట్‌కి జర్నల్ ఉండదు. రాస్తుండగా కరెంటు పోయినా, కేబుల్‌కి కాలు తగిలినా, సగంలో ఆగిన పని ఏమిటో దానికి తెలియదు. లినక్స్ సొంత ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 చేయబోయే మార్పుని ముందు జర్నల్‌లో రాసుకుంటుంది, మళ్లీ పెట్టినప్పుడు అది చూసుకుని ఫైల్ సిస్టమ్‌ని సర్దుకుంటుంది. 2008 డిసెంబరులో వచ్చిన 2.6.28 కెర్నెల్ నుంచి స్థిరంగా ఉన్నది, ఇన్నేళ్లు కోట్ల కంప్యూటర్లలో నలిగినది. ఇంట్లో ఉండి దాచే పనికే వాడే డిస్క్ అయితే ఈఎక్స్‌టీ4, చేతులు మారే డిస్క్ అయితే ఎక్స్‌ఫ్యాట్. నా అభిప్రాయం ఇదే, మావాడితో వాదించి కూడా మార్చుకోలేదు.

అయితే ఈఎక్స్‌టీ4 ఎంచుకునే తెలుగువాళ్లు ఒకటి తెలుసుకోవాలి. అందులో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు కాబట్టి వాళ్లకి 255 అక్షరాలు, కావలసినంత చోటు. అక్షరాలని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగుకి ఒక్కో యూనికోడ్ గుర్తుకి మూడు బైట్లు. గుర్తు అంటే మనకి కనబడే అక్షరం కాదు. గుణింతం విడిగా లెక్క, ఒత్తుకి పొల్లు విడిగా, హల్లు విడిగా లెక్క. 'స్త్రీ' అని ఒక్క అక్షరం రాయండి. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు ఈ. ఆరు గుర్తులు, 18 బైట్లు. 'సంక్రాంతి' 27 బైట్లు. మొత్తం మీద మనకి దొరికేది 85 గుర్తులు, అంటే కంటికి కనబడే అక్షరాలు సుమారు నలభై.

విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ గానీ, ఎక్స్‌ఫ్యాట్ గానీ ఇలా లెక్కపెట్టవు. వాటిలో తెలుగు గుర్తు ఒక్కోటీ ఒకటిగానే లెక్క, 255 దాకా వెళ్లొచ్చు. అంటే పాత డిస్క్‌లో హాయిగా ఉన్న పేరు కొత్త డిస్క్‌లో పట్టదు. నా పాటల పేర్లు పొడుగ్గా ఉండేవి. పాట రకం, మొదటి చరణం, పాడినవారి పేరు, ఊరు, ఏ పండగో, ఏ సంవత్సరమో, అన్నీ పేరులోనే. కాపీ చేసేటప్పుడు అలాంటివి 'ఫైల్ నేమ్ టూ లాంగ్, 36' అనే వరసతో ఆగిపోతాయి. కాపీకి నేను వాడే ఆర్‌సింక్ మిగతావన్నీ కాపీ చేసుకుంటూ వెళ్లిపోతుంది. వేల వరసల మధ్య ఆ ఒక్క వరస ఎప్పుడో పైకి జరిగిపోతుంది. చివర్లో 'కోడ్ 23' (కొన్ని ఫైళ్లు వెళ్లలేదని అర్థం) అని ఒక్క ముక్క ఉంటుంది, అది చదివినవాళ్లకే తెలుస్తుంది. చదవకుండా పాత డిస్క్ తుడిచేస్తే ఆ పాటలు ఇక లేనట్టే. ఎక్స్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లకి మారినా లాభం లేదు, వాటికీ ఇదే 255 బైట్ల హద్దు.

అందుకని కాపీకి ముందే వెతకాలి. ఫైండ్ కమాండ్‌తో పాత డిస్క్‌లోని పేర్లన్నీ బయటికి తీసి, వాటిని ఆక్ అనే కమాండ్‌కి ఇచ్చి, పొడవు 255 దాటినవి చూపించమన్నాను. ఆక్ ముందు భాష సెట్టింగ్ అయిన ఎల్‌సీ ఆల్ విలువని పెద్ద సీ అని పెట్టడం మరచిపోవద్దు. లేకపోతే కొన్ని రకాల ఆక్‌లు బైట్లు కాక గుర్తులు లెక్కపెట్టి 'అన్నీ బాగానే ఉన్నాయి' అంటాయి. ఇలా దొరికిన వాటిలో మొదటి చరణాన్ని పేరులోంచి తీసేసి, అదే ఫోల్డర్‌లో ఒక టెక్స్ట్ ఫైలులో రాసుకున్నాను. పాట రకం, పాడినవారి పేరు, ఊరు, సంవత్సరం మాత్రం ఫైలు పేరులోనే ఉంచాను. ఫైలు ఎవరికో పంపినప్పుడు టెక్స్ట్ ఫైలు వెంట వెళ్లదు. పాడినవాళ్ల పేరు పాటతోపాటు వెళ్లాలి, అందులో నేను రాజీ పడను. అంకెలకీ ఖాళీలకీ ఒక్కో బైటే కాబట్టి సంవత్సరం తేలిగ్గా పడుతుంది.

ఆ వెతుకులాటలోనే ఇంకొకటి బయటపడింది. పైడితల్లి పాటల ఫోల్డర్‌లో ఒకే పేరుతో రెండేసి ఫైళ్లు కనబడ్డాయి. అక్షరం అక్షరం పోల్చి చూసినా తేడా లేదు. ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉండనే ఉండవు కదా! ప్రతి జతలోనూ ఒకటి, రికార్డింగులు శుభ్రం చేసి పెట్టే హైదరాబాద్ స్నేహితురాలు తన మ్యాక్ నుంచి వెనక్కి పంపినది. బైట్లని అంకెలుగా చూపే హెక్స్‌డంప్‌లో ఆ పేర్లు చూస్తే గుట్టు తెలిసింది. తెలుగులో ఐత్వాన్ని యూనికోడ్ రెండు రకాలుగా రాయనిస్తుంది. ఒకే గుర్తుగా రాయొచ్చు, లేదా ఎత్వం గుర్తు, దాని కింద ఐత్వపు గుర్తు అని రెండుగా విడదీసి రాయొచ్చు. తెర మీద రెండూ 'పై' అనే కనబడతాయి. మ్యాక్‌లో పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫార్మాట్ ఉన్న డిస్కులు పేర్లని విడదీసిన రూపంలోకి మార్చి దాచుకుంటాయి. ఈఎక్స్‌టీ4 మామూలుగా ఏ బైట్లు ఇస్తే ఆ బైట్లే ఉంచుతుంది, కాబట్టి దానికి అవి రెండు వేరువేరు పేర్లు. మన 'పైడితల్లి' 27 బైట్లు, మ్యాక్ డిస్క్ నుంచి వచ్చిన 'పైడితల్లి' 30.

హైదరాబాద్, నైవేద్యం, తైలం, బైరాగి, ఐత్వం ఉన్న ఏ పేరుకైనా ఇదే గొడవ. మీరు కీబోర్డు మీద టైపు చేసి వెతికితే విడదీసిన పేరున్న ఫైలు దొరకదు, కళ్లెదుటే ఉన్నా సరే. దీనికి కాన్వ్‌ఎంవీ అనే చిన్న పనిముట్టు ఉంది. ఎటునుంచి ఎటు అంటే రెండువైపులా యూటీఎఫ్8 అని చెప్పి, ఎన్‌ఎఫ్‌సీ ఆప్షన్ ఇస్తే పేర్లన్నిటినీ కలిసిన రూపంలోకి తెస్తుంది. మొదట ఏం మార్చబోతోందో చూపించి ఊరుకుంటుంది. అది చూసుకుని, సరే అనుకుంటే నోటెస్ట్ అని చేర్చి నడిపితేనే మారుస్తుంది. ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది. మీకూ మ్యాక్ వాడే స్నేహితులుంటే కొత్త డిస్క్‌లోకి వెళ్లకముందే ఈ పని చేసేయండి.

పేర్లు తేలాక ఫార్మాట్ పది నిమిషాల పని. లినక్స్ మింట్‌లో డిస్క్స్ అనే ప్రోగ్రాం ఉంది, దానితోనే చేయొచ్చు. జీపీటీ పార్టిషన్ టేబుల్, ఒకే పార్టిషన్. పాత ఎంబీఆర్ 2.2 టీబీ దాకానే చూడగలదు, ఇంతకంటే పెద్ద డిస్క్ అయితే అస్సలు పనికిరాదు. నేను టెర్మినల్‌లో ఎంకేఎఫ్‌ఎస్ (ఫార్మాట్ చేసే కమాండ్) వాడాను, రెండు కారణాలున్నాయి. ఒకటి, ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం చోటు రూట్ (సిస్టమ్ మీద పూర్తి అధికారం ఉన్న ఖాతా) కోసం పక్కన పెడుతుంది. సిస్టమ్ ఉన్న డిస్క్‌కి అది అవసరం. పాటలు దాచే డిస్క్‌కి దండగ. రెండు టీబీలో అయిదు శాతం అంటే 100 జీబీ, నా లెక్కన తొంభై ఆరు గంటల పాటలు! ఎం ఆప్షన్‌కి సున్నా ఇస్తే ఆ చోటు మనకి వస్తుంది. ఇప్పటికే ఫార్మాట్ చేసేసి ఉంటే ట్యూన్2ఎఫ్‌ఎస్‌తో తర్వాతైనా మార్చుకోవచ్చు, లోపలి ఫైళ్లకి ఏమీ కాదు.

రెండోది లేబుల్. డిస్క్‌కి పేరు కూడా తెలుగులోనే పెట్టాలని నా పట్టుదల. లేబుల్‌కి ఈఎక్స్‌టీ4 ఇచ్చేది 16 బైట్లే, తెలుగులో అయిదు గుర్తులు. 'భోషాణం' అనుకున్నాను, 18 బైట్లు. పెడితే చివరి సున్నా మధ్యకి విరిగిపోతుంది. చివరికి 'గాదె' అని పెట్టాను. పన్నెండు బైట్లు, అర్థం కూడా కుదిరింది.

ఫార్మాట్ అయ్యాక మనం ఏమీ చేయకపోయినా డిస్క్ లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు. ఈఎక్స్‌టీ4 ఫార్మాట్ త్వరగా అయిపోయినట్టు చూపించి, ఐనోడ్ పట్టికలు (ఫైళ్ల వివరాలు రాసుకునే చోటు) తుడిచే పనిని వెనక నిదానంగా చేసుకుంటుంది. లేజీ ఇనిట్ అంటారు. కాసేపు వదిలేస్తే అదే ఆగుతుంది.

ఇక ఫైళ్లు పెట్టబోతే పర్మిషన్ లేదంటుంది. కొత్త ఫైల్ సిస్టమ్ రూట్ పేరున ఉంటుంది, అంతే. సుడోతో (రూట్ అధికారంతో) యజమానిని మార్చే చోన్ నడిపి మౌంట్ అయిన ఫోల్డర్‌ని మన పేరున రాసుకుంటే సరి. ఎప్పుడైనా పెట్టి తీసేసే డిస్క్ అయితే ఎఫ్‌స్టాబ్ (ఏ డిస్క్‌ని ఎక్కడ తెరవాలో రాసి ఉంచే ఫైలు) జోలికి వెళ్లకండి, డెస్క్‌టాప్ తనే మౌంట్ చేస్తుంది. ఎప్పుడూ తగిలించి ఉంచేదైతే ఎఫ్‌స్టాబ్‌లో ఎస్‌డీబీ లాంటి పేరు కాక యూయూఐడీ (డిస్క్‌కి ఉండే మారని గుర్తింపు సంఖ్య) రాయండి, నోఫెయిల్ తప్పకుండా చేర్చండి. అది లేకపోతే డిస్క్ పెట్టని రోజున కంప్యూటర్ 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతుంది. 'సుడో మౌంట్ ఏ' అనే కమాండ్ ఒకసారి నడిపి, ఏ తప్పూ రాలేదని చూసుకున్నాకే రీస్టార్ట్ చేయాలి.

కాపీకి ఆర్‌సింక్. 'ఏ' అనే అక్షరం ఆప్షన్‌గా ఇస్తే తేదీలు కూడా అలాగే వస్తాయి. రికార్డు చేసిన రోజు నాకు ముఖ్యం, మామూలు కాపీలో ఒక్కోసారి అది పోతుంది. మొదట ఎన్ ఆప్షన్ పెట్టి ఉత్తుత్తి కాపీ నడిపి, ఏమేం వెళ్తాయో చూశాను. మూలం ఫోల్డర్ పేరు చివర వాలు గీత (/) పెడితే లోపలివి మాత్రమే వెళ్తాయి, పెట్టకపోతే ఫోల్డరే వెళ్తుంది. డిలీట్ ఆప్షన్ జోలికి మాత్రం పోవద్దు. మూలంలో లేనివన్నీ గమ్యంలో చెరిపేస్తుంది అది.

కాపీ పూర్తయిందని కనబడినంత మాత్రాన పూర్తయినట్టు కాదు. చివరి కొంత భాగం ఇంకా ర్యామ్‌లోనే ఉంటుంది. సింక్ అని కొట్టి, ప్రాంప్ట్ తిరిగి వచ్చేదాకా ఆగాలి. ఆ తర్వాత ఫైల్ మేనేజర్‌లో ఎజెక్ట్ నొక్కి, లోపల తిరిగే చప్పుడు ఆగాకే కేబుల్ తీయాలి.

సరిచూడడం ఇలా చేశాను. పాత డిస్క్‌లో ప్రతి వేవ్ ఫైలుకీ షా256సమ్ (ఫైలుకి వేలిముద్ర లాంటి సంఖ్య తీసే కమాండ్) నడిపి, వచ్చిన సంఖ్యలన్నీ ఒక ఫైలులో పెట్టుకున్నాను. కొత్త డిస్క్‌ని తీసి, మళ్లీ పెట్టి, అదే ఫైలుని సీ ఆప్షన్‌తో, క్వయెట్ చేర్చి నడిపాను. తీసి పెట్టడం ఎందుకంటే, లేకపోతే డిస్క్ నుంచి కాక ర్యామ్‌లో మిగిలినదే చదివి బాగుందనే ప్రమాదం ఉంది. క్వయెట్ పెడితే తప్పున్నవే చెబుతుంది. గంటల తరబడి నడిచి ఒక్క వరస కూడా చూపించకుండా ముగిసింది. ఆ సంఖ్యల ఫైలు డిస్క్‌లోనే మొదటి ఫోల్డర్‌లో ఉంచాను. వేసవి సెలవుల్లో, సంక్రాంతి సెలవుల్లో మళ్లీ నడపాలని పెట్టుకున్నాను. అప్పుడు ఏదైనా ఫైలు తేడా చూపిస్తే, రెండో కాపీ నుంచి తెచ్చుకోవచ్చు.

రెండో కాపీ అంటే పాత డిస్కే. దాన్ని తుడవలేదు. పొడుగు పేర్లు, మ్యాక్ పేర్లు దాంట్లో ముందే సరిచేశాను కాబట్టి, అలాగే విజయనగరంలో చెల్లెలి ఇంట్లో బీరువాలో పెట్టించాను. మీ దగ్గర తెలుగు పేర్లతో ఫైళ్లు ఎక్కువగా ఉండి, ఇంకేదైనా ఇబ్బంది ఎదురైతే కింద రాయండి. ముఖ్యంగా స్కాన్ చేసిన పుస్తకాలు దాచేవాళ్ల అనుభవం నాకు కావాలి. మా స్కూలు లైబ్రరీలో పాత పత్రికల కట్టలు చాలా ఉన్నాయి, వచ్చే సెలవుల్లో వాటి పని మొదలుపెట్టాలని ఉంది.